వెయ్యి గజాలు, మూడు పాయింట్లు

రైఫిల్ షూటింగ్ అనగానే మనకి గుర్తొచ్చేది గగన్ నారంగ్. హైదరాబాద్‌లో పెరిగిన అతను 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. హాల్లో ఆడే ఆట, గాలి గొడవ లేదు. అదే వెయ్యి గజాలంటే 914 మీటర్లు. అంత దూరంలో గుండు గాలికి పక్కకి జరుగుతుంది, బరువుకి కిందకి దిగుతుంది. ఈ పోటీల్లోకి కొత్తవాళ్ళు ఎలా దిగారని వెతికితే నాకు దొరికిన మంచి కథ 1874 నాటిది.

అంతకు ముందు ఏడాది వింబుల్డన్‌లో ఎల్కో షీల్డ్ గెలిచిన ఐరిష్ జట్టు అమెరికన్లకి సవాలు విసిరింది. ఒప్పుకున్న క్లబ్బు పేరులోనే ‘అమెచ్యూర్’ ఉంది. వెయ్యి గజాల పోటీల్లో వాళ్ళకి అనుభవం దాదాపు సున్నా. అంత దూరానికి తగిన రైఫిళ్ళని రెమింగ్టన్, షార్ప్స్ కంపెనీలు ఆ పోటీ కోసమే తయారుచేశాయి. అవి వెనక నుంచి గుండు పెట్టేవి. ఐరిష్ వాళ్ళ రిగ్బీలు గొట్టం మూతి నుంచి కూరేవి.

సెప్టెంబర్ 26న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మూర్‌లో పోటీ. జట్టుకి ఆరుగురు. 800, 900, 1000 గజాల్లో ఒక్కొక్కరికి 15 గుండ్ల చొప్పున. నడిబొడ్డున తగిలితే 4 పాయింట్లు. ఐరిష్ వాళ్ళు 931 దగ్గర ఆగారు. అమెరికన్లు 930 మీద ఉండగా మిగిలింది ఒకే గుండు, జాన్ బొడీన్‌ది. కాసేపటి క్రితమే జింజర్ బీర్ సీసా పగిలి అతని చెయ్యి కోసుకుంది. రక్తం కారే చేతికి రుమాలు చుట్టుకుని కాల్చాడు. నడిబొడ్డునే తగిలింది. 934.

వెనక నుంచి గుండు పెట్టే రైఫిల్ పాతదాన్ని ఓడించిందని చాలామంది రాశారు. మూడు పాయింట్ల తేడా మీద అంత బరువు పెట్టడం నాకు నచ్చదు. ఎందుకంటే ఐరిష్ జట్టులోని మిల్నర్ కాల్చిన ఒక గుండు సరిగ్గా నడిబొడ్డునే తగిలింది, కాకపోతే పక్కవాడి టార్గెట్‌లో. సున్నా వేశారు. ఆ నాలుగూ కలిసుంటే 935, గెలుపు ఐర్లండ్‌ది. అప్పుడు చరిత్ర మూతి నుంచి కూరే తుపాకీని పొగిడి ఉండేదేమో.

నాకు మిగిలే విషయం వేరు. ఏడాదైనా నిండని సాధనతో కొత్తవాళ్ళు ఛాంపియన్లకి సమానంగా నిలబడ్డారు. అంటే ఆ దూరం నేర్చుకోగలిగేదే. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తూటా పేరులో ఆ మైదానం ఇంకా ఉంది. ఇవాళ దాన్ని నింపుకుని కొత్తగా పడుకుని గురిపెట్టేవాళ్ళు గాలి సంగతి తర్వాత, ముందు టార్గెట్ మీది నంబరు చూసుకోవాలి. మిల్నర్ గుండు చెప్పేది అదే.