డబ్బా మీద పేరు

మా వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టే ముక్క ఒకటుంది, జానెడు పొడవు. పైన నల్ల తొడుగు, లోపల ముడతల రాగి గొట్టం, దాని లోపల తెల్లటి నురగ. ఫీడర్ కేబుల్ అది. 2004లో కోనసీమలో ఒక టవర్ మీదికి మోకు కట్టి కప్పీ మీద లాగగా మిగిలిన ముక్క. అప్పట్లో కింద ఏసీ గదిలో బీరువా అంత రేడియో డబ్బా (బీటీఎస్), పైన యాంటెన్నా, మధ్యలో ఈ రాగి తాళ్లు. ఎత్తు టవరైతే కింద పుట్టిన పవర్‌లో సగం దాకా దారిలోనే వేడైపోయేది.

టవర్లెక్కిన ఇరవై ఏళ్లలో నాకొక అలవాటు పట్టుకుంది. డబ్బా విప్పగానే ముందు పేరు చూస్తాను. నోకియా, ఎరిక్సన్, సీమెన్స్, మోటరోలా, నోర్టెల్, లూసెంట్, అల్కాటెల్... మొదట్లో అదొక పెద్ద పెళ్లి పందిరి.

ఈ పందిరికి రాట వేసింది ఫిన్లాండ్. 1991 జులై 1న తొలి జీఎస్ఎమ్ కాల్ అక్కడే మోగింది. మన దేశంలో తొలి మొబైల్ కాల్‌గా 1995 జులై 31న కోల్‌కతా నుంచి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడినప్పుడూ ఫోను, నెట్‌వర్కు రెండూ నోకియావే. తరవాత పేర్లు ఒకదాన్నొకటి మింగడం మొదలెట్టాయి. 2006లో అల్కాటెల్, లూసెంట్ కలిశాయి. 2007లో నోకియా, సీమెన్స్ నెట్‌వర్కు వ్యాపారాలు ఒకే గొడుగు కిందికొచ్చాయి. 2009లో నోర్టెల్ దివాలా తీసింది. 2011లో మోటరోలా నెట్‌వర్కు వ్యాపారం, 2016లో అల్కాటెల్-లూసెంట్ కూడా నోకియా ఇంటికే చేరాయి. గ్రాహంబెల్ టెలిఫోన్ మోగించిన అమెరికాకి టవర్ పరికరాల్లో సొంత పెద్ద కంపెనీ ఒక్కటీ మిగల్లేదు.

ఈలోగా చైనాలోని షెన్‌జెన్‌లో 1987లో పుట్టిన హువావే వచ్చింది. చవగ్గా ఇచ్చి నెగ్గిందని అందరూ అంటారు గానీ పనిచేసినవాణ్ణి, నేనలా అనను. రేడియో డబ్బా గదిలోంచి యాంటెన్నా పక్కకి ఎక్కిపోయిన రోజులవి. రాగి పోయి సన్నటి ఫైబర్ వచ్చింది, మా భుజాలు బతికాయి. 2జీ, 3జీ, 4జీలకి వేరువేరు బీరువాలెందుకు, ఒకే డబ్బాలో ఇస్తామని 2008లో హువావే ముందుకొచ్చింది. స్థలం, కరెంటు రెండూ కలిసొచ్చాయి.

2009 డిసెంబరు 14న ప్రపంచంలో తొలి 4జీ సేవ రెండు ఊళ్లలో ఒకేసారి మొదలైంది, కంపెనీ ఒక్కటే, టెలియాసొనెరా. స్టాక్‌హోమ్‌లో పరికరాలు ఎరిక్సన్‌వి, ఓస్లోలో హువావేవి. ఎరిక్సన్ పుట్టింటి గడప ముందు చైనావాడు కుర్చీ వేసుకు కూర్చున్నట్టే. ఆ రోజుకి 4జీ ఫోనే లేదు. కంప్యూటర్‌కి గుచ్చే శాంసంగ్ డాంగిల్ ఇచ్చారు. ఆ శాంసంగే 2016లో మన జియోకి టవర్ పరికరాలు అమ్మింది.

ఇక్కడ గెలుపోటములు సబ్బుల అమ్మకంలా ఉండవు. పైనున్న రేడియో, కిందున్న కార్డు ఒకే కంపెనీవి కాకపోతే సాధారణంగా మాట కలవదు. వియ్యమందినట్టే, ఒకసారి కుదిరితే పదేళ్లు. తెగితే మాత్రం స్వాప్. రాత్రి పన్నెండుకి పాతది దింపి తెల్లారేలోగా కొత్తది ఎక్కించాలి. ఒక కంపెనీకి అలా వర్షంలో తొమ్మిది రాత్రులు చేశాం. పేరెందుకు గానీ, బిల్లు పాసవడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

ఓస్లోలోనూ తెగింది. 2019లో ఆ టెలియాసొనెరాయే, అప్పటికి టెలియా నార్వే పేరుతో, తన 5జీకి హువావేని వదిలి ఎరిక్సన్‌ని ఎంచుకుంది. 4జీ మొదలై సరిగ్గా పదేళ్లు. ధర, నాణ్యతలతో పాటు దేశ భద్రత కూడా టెండర్‌లోకొచ్చిన కాలమది. మన దగ్గరా 2021 జూన్ నుంచి నమ్మదగిన మూలాల నుంచే కొనాలన్న నిబంధన వచ్చింది. 2022లో 5జీ వచ్చేసరికి జియో, ఎయిర్‌టెల్ డబ్బాల మీద ఎరిక్సన్, నోకియా, శాంసంగ్ పేర్లే.

2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ ప్రారంభమైంది. రేడియో తేజస్‌ది, కోర్ సీ-డాట్‌ది, కలిపి నిలబెట్టింది టీసీఎస్. మా వాళ్లు స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను. దండ మాత్రం పదేళ్లు నిలిచాక వేస్తాను.