అరచేతిలో సున్నా: సీమ వీధి బడిలో దండన కథ

1882 దాకా అనంతపురం పేరుతో జిల్లా లేదు. గుత్తి, తాడిపత్రి, పెనుకొండ, ధర్మవరం, మడకశిర అన్నీ బళ్లారి జిల్లాలోనివే. ఈ నేలను బాగా ఎరిగినవాడు థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా, ఈ నేల కూడా భాగమైన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేశాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాక, 1822లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని ప్రతి జిల్లాలో బళ్లెన్ని, చదివే పిల్లలెందరు లెక్క తీయమన్నాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న పంపిన జవాబులో సీమ వీధి బడి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

తొమ్మిది లక్షల ఇరవై ఏడు వేల పైచిలుకు జనానికి 533 బళ్లు, 6,641 మంది పిల్లలు. వారిలో ఆడపిల్లలు 60 మంది. సగటున బడికి పన్నెండు మంది.

ఆ బడి తెల్లవారి ఆరింటికే మొదలయ్యేది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి రెండు అరచేతుల మీదా గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా చుట్టేవారు. మెప్పూ లేదు, తప్పూ లేదని దాని అర్థం. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చే ప్రతివాడికీ ఒక్కో దెబ్బ ఎక్కువ. పన్నెండు మంది ఉన్న బడిలో చివరివాడి వంతుకు పది దెబ్బలు వచ్చేవన్నమాట.

చదవనివాడి శిక్ష వేరు. బెత్తం దెబ్బలు సరేసరి. రెండు చేతులూ కట్టి ఇంటికప్పుకు వేలాడదీయడమూ ఉండేది. తెలుగువాళ్లు కోదండం అన్నది దీన్నే. ఆపకుండా కూర్చుని లేవడం, అంటే గుంజిళ్లు, ఇంకొకటి. ఈ శిక్షలు కఠినంగానే ఉన్నాయని క్యాంబెల్ ఒప్పుకున్నాడు. గుంజిళ్లు మాత్రం బాధాకరమైనా ఒంటికి మంచివేమోనని కూడా రాశాడు. దెబ్బకు దయ్యం వదులుతుందని నమ్మిన ఊళ్లలో ఆ మాటను కాదనేవారు తక్కువే.

ఆయన మెచ్చుకున్నది మరొకటి ఉంది. చదువులో ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు నేర్పేవారు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించడం వల్ల ఖర్చూ ఉండేది కాదు. మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమంలో ఈ పద్ధతిని అమలుచేసి చూసిన ఆండ్రూ బెల్ 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లండు బళ్లు దాన్ని ‘మద్రాసు పద్ధతి’ అన్నాయి. చదువు చెప్పే పనిని పిల్లలు పంచుకోవడం నిజంగా గొప్ప ఏర్పాటు. అయితే తోటివాడి మీద పెత్తనం కూడా దాని వెంటే వస్తుంది. పెద్దలు దెబ్బలతో నడిపే బడిలో ఆ పెత్తనం చేతికి వచ్చిన పిల్లవాడు దాన్ని ఎలా వాడాలో ఎవరిని చూసి నేర్చుకుంటాడు? కలెక్టర్ల పట్టికల్లో బళ్లకు, కులాలకు, ఆడపిల్లలకు గడులు ఉన్నాయి. పెద్దపిల్లలు చిన్నపిల్లలను ఏడిపించడానికి గడి లేదు.

బడికి ఆఖరున వచ్చేది ఎవరు? ఇంట్లో పని ఉన్నవాడు. గొడ్లను తోలి, నీళ్లు మోసి వచ్చేసరికి అవతల వరుస పూర్తవుతుంది. దేశం క్రమంగా పేదదైపోయిందని, మధ్యతరగతి, దిగువ తరగతుల వాళ్లు చదువు ఖర్చు భరించలేకపోతున్నారని, లేత చేతులకు కాస్త సత్తువ రాగానే పిల్లలను పనిలో పెట్టక తప్పడం లేదని క్యాంబెలే అదే నివేదికలో రాశాడు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చదివితే లెక్క తేలుతుంది. కరువు ఇంటి పిల్లవాడికే బడి ఎక్కువ దెబ్బలు దాచి ఉంచింది. 1876–78 నాటి పెద్ద కరువు ఈ మెట్టసీమను కుదిపేసిన రోజుల్లో బడి ముఖం చూడగలిగిన పేద పిల్లలు ఎందరుంటారు?

ఈ హింసను ఆపే చట్టం చాలా ఆలస్యంగా వచ్చింది, అదీ కాలేజీ వైపు నుంచి. 1997లో ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. వెక్కిరించి అవమానించినా ఆరు నెలల దాకా జైలు. కొట్టినా, నిర్బంధించినా శిక్ష పెరుగుతుంది. బడిలో ఉపాధ్యాయుడు చెయ్యి చేసుకోకూడదని రాష్ట్ర విద్యా నిబంధనను మార్చింది మాత్రం 2002లో. అంటే పిల్లలు పిల్లలను హింసించడం నేరమైన అయిదేళ్లకు గాని పెద్దలు పిల్లలను కొట్టడం తప్పు కాలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది.

ఈలోగా జిల్లాలో బడికి వచ్చేవాళ్లు మారారు. 1969లో సంఘసేవకుడు విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం చేరాక, ఆయన సంస్థ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ దళితవాడల్లో అదనపు బళ్లు నడిపింది. తల్లిదండ్రులు పలక పట్టని ఇళ్ల నుంచి మొదటి తరం పిల్లలు సర్కారు బడి మెట్లెక్కారు. కులం పేరు, చిరిగిన చొక్కా, వలస వెళ్లిన అమ్మానాన్నలు, నడక సరిగా రాని కాలు: తోటివాళ్లు ఏడిపించాలనుకుంటే వీళ్ల దగ్గర సాకులకు కొదవ లేదు. అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమని క్లాస్ లీడరుకు సుద్దముక్క ఇచ్చే అలవాటు ఇప్పటికీ చాలా తరగతుల్లో ఉంది. ఎవరి పేరు రాయాలో, ఎవరిది చెరపాలో ఆ పిల్లవాడి ఇష్టం. వేధింపు ఆపాలనుకునే బడి ముందు ఆ సుద్దముక్కను వెనక్కి తీసుకోవాలి. పాఠం చెప్పే పనిని మాత్రం పిల్లలకు వదిలేయవచ్చు.

విద్యాహక్కు చట్టంలో తక్కువ మంది పట్టించుకున్న 21వ సెక్షన్ ఒకటుంది. సర్కారు, ఎయిడెడ్ బళ్లలో యాజమాన్య కమిటీ వేయాలి. సభ్యుల్లో కనీసం మూడొంతులు, అంటే నాలుగింట మూడు వంతులు, తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు కావాలి. బలహీన వర్గాల తల్లిదండ్రులకు వారి పిల్లల సంఖ్యను బట్టి చోటివ్వాలి. మధ్యాహ్న భోజనం, గదుల మరమ్మతు, కుళాయి సంగతులు ఆ కమిటీలో చర్చకు వస్తాయి. ఏ పిల్లవాడు బడికి రానని ఏడుస్తున్నాడు, ఎందుకు ఏడుస్తున్నాడు అన్నది కూడా ప్రతి సమావేశంలో మొదటి అంశంగా రాసుకోవాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు.