ఆదివారం పనికి పోకూడదు: ఒంగోలు సంఘంలో తొలి పాఠాలు

1860ల చివర్లో ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో యేసును నమ్ముకున్నామని ముందుకొచ్చినవాళ్లకు అమెరికన్ బాప్టిస్టు మిషను పెట్టిన కట్టుబాట్లు ముఖ్యంగా మూడు. ఆదివారం పనికి పోకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. అక్షరం ముక్క రానివాడు కూడా ఒక్కసారి వింటే మరిచిపోని పాఠం అది. సిద్ధాంతాల జోలికి పోకుండా సరాసరి మనిషి తిండి, పని, పండగల దగ్గరికే వెళ్లింది. అందుకే దాన్ని పాటించడం అంత కష్టమైంది.

కొత్త విశ్వాసుల్లో ఎక్కువమంది మాదిగలు. ఊళ్లో గొడ్డు చస్తే ఎత్తుకెళ్లడం వాళ్ల వంతు, దాని తోలూ మాంసమూ వాళ్లవే. బదులుగా రైతులకు చెప్పులూ కపిలబానలూ కుట్టిపెట్టాలి, కోతలప్పుడు కళ్లం దగ్గర మేర తీసుకోవాలి. తరాలుగా నడిచిన లెక్క ఇది. ఆ మాంసం ముట్టం అన్నవాళ్లు ఈ లెక్కలో ఒక కొసను తెంపినట్టే. ఇక ఊరమ్మవారి కొలువుల్లో డప్పు కొట్టాల్సింది వాళ్లే. మొక్కం అన్నవాడు డప్పూ కొట్టనంటాడు, జాతర ఆగిపోతుంది. ఆదివారం సంగతి మరీ సున్నితం. కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు పాలేరు ఒకరోజు రానంటే ఏ ఆసామి ఊరుకుంటాడు? పనిలోంచి తీసేయడం, నీళ్లు అందకుండా చేయడం, లేనిపోని కేసులు పెట్టడం చాలా పల్లెల్లో జరిగాయి. ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర ప్రసంగాలు చేసినంత శ్రద్ధగా అధికారులకు అర్జీలు కూడా రాయాల్సి వచ్చింది.

క్లౌ ఒంగోలు చేరింది 1866లో. నెల్లూరు నుంచి మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు అంతకు చాలా ముందే వచ్చి, 1854 జనవరి 1న తెల్లవారుజామున ముగ్గురు తెలుగు క్రైస్తవులతో కలిసి ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఆ ముగ్గురిలో నెల్లూరు జూలియమ్మ ఒకరు. పన్నెండేళ్ల తర్వాత వచ్చిన క్లౌ 1867 జనవరి 1న సంఘం కట్టేనాటికి సభ్యులు 8 మంది.

సంఘం చరిత్ర అనగానే క్లౌ పేరే ముందు వినిపిస్తుంది. కానీ కొత్తవాళ్లకు తోవ చూపడమంటే ఏమిటో అతనికంటే ముందు తెలిసినవాడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ నోట క్రీస్తు సంగతి విన్నాడు. అప్పటికే అతను గురువుల దగ్గర యోగం నేర్చినవాడు, సొంతంగా శిష్యులున్నవాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి ఒంగోలులో జ్యూయెట్ చేత బాప్తిస్మం తీసుకుని, 40 మైళ్ల దూరంలోని తమ తాళ్లకొండపాడుకు తిరిగి వెళ్లాడు. అక్కడ చెప్పులు కుట్టేవాళ్ల మధ్యే కూర్చుని వాళ్ల మాటల్లోనే చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ ఆ ఊరు వెళ్లేసరికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం పక్కలూ తిండిగింజలూ మూటగట్టుకుని చింతతోపుకు చేరుకున్నారు. అయిదు రోజులు అక్కడే ఉండి విని, అడిగి, ప్రార్థించారు. చివరికి 28 మంది బాప్తిస్మం పొందారు. పొద్దున ఒప్పుకుని సాయంత్రం నీళ్లలో దిగడం కాదు, అయిదు రోజులు ఒకేచోట ఉండి నేర్చుకోవడం. ఈ సంఘానికి దొరికిన మంచి బోధనా పద్ధతి ఇదేననిపిస్తుంది. దీన్ని ఏ దొరా కనిపెట్టలేదు కూడా.

ఇంతలో ఒంగోలులో ఒక చిక్కు వచ్చింది. మిషను బడికి వస్తున్న బ్రాహ్మణ, ఇతర పెద్దకులాల పిల్లల్లో కొందరికి క్రైస్తవం మీద ఆసక్తి పుట్టింది. మాదిగల్ని చేర్చుకుంటే మాత్రం తాము రామన్నారు. ఏం చేయాలో తోచక క్లౌ, అతని భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం, దేవుడు లోకంలో నీచులను ఎన్నుకున్నాడన్న చోటు, కనబడిందని క్లౌ తరువాత రాసుకున్నాడు. కాకతాళీయమో కాదో గానీ, నిర్ణయం మాత్రం తేలిపోయింది. పెద్దకులాల పిల్లలు బడి మానేశారు.

1876–78 కరువు అసలు పరీక్ష పెట్టింది. జనానికి కూలి దొరికేలా క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టాడు. రాజుపాలెం దగ్గర శిబిరం. పనివాళ్ల మీద మేస్త్రీలు బోధకులే. గంప దించి కాస్త నడుం వాల్చిన వేళ వాళ్ల పక్కన కూర్చుని యేసు సంగతి చెప్పేవారు. చాలామంది చేరతామన్నారు. క్లౌ ఒప్పుకోలేదు. కూలి కోసం, గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని సుమారు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. ఒక మిషను తన లెక్కల పుస్తకాన్ని తనే ఆపుకోవడం అరుదు. ఆ ఒక్క పనికైనా అతన్ని మెచ్చుకోవాలి.

కరువు సాయం ముగిశాకే, ఇవ్వడానికి డబ్బు లేదని తెగేసి చెప్పాక, 1878లో తలుపు తీశాడు. ఒంగోలులో మశూచి ఉండటంతో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో కలుసుకుందామని బోధకులకు కబురు చేశాడు. బోధకుల వెంట వేలమంది వచ్చారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. ఆ నడిమి రోజే ప్రపంచమంతా చెప్పుకునేది. క్లౌ నీళ్లలో దిగలేదు. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, మధ్యలో కాస్త విరామంతో, బాప్తిస్మమిచ్చారు. గుమాస్తాలు పేర్లు రాశారు.

అంకెలు చూసి ముచ్చటపడటం తేలిక. ఆ ఏడాది చేరిన 9,606 మందిలో ఒక్కొక్కరికీ ప్రార్థన ఎలా చేయాలి, పెళ్లికీ చావుకీ ఏం చేయాలి, ఆసామి బెదిరిస్తే ఎవరికి చెప్పుకోవాలి అన్నవి చెప్పేదెవరు? ఈ విషయంలో మిషను వెనకబడే ఉంది. ఉన్న ఏర్పాటు ఇది: ఒక్కో బోధకుడికి కొన్ని పల్లెలు, మూడు నెలలకోసారి అందరూ ఒంగోలు వచ్చి తమ పల్లెల మంచిచెడ్డలు చెప్పుకోవడం, తిరిగి వెళ్లేముందు కొత్త పాఠాలు నేర్చుకోవడం. పల్లెలో తగువులను పాత పంచాయితీ పద్ధతిలో పెద్దమనుషులే తీర్చేలా క్లౌ వదిలేశాడు. కొత్త పద్ధతి రుద్దకపోవడం తెలివైన పని.

బోధకుల్ని తయారుచేయడానికి 1872లో రామపట్నంలో సెమినరీ మొదలైంది. చదువుకోవడానికి వచ్చినవాళ్ల భార్యలకూ అక్కడ చదువు చెప్పారు. ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. పల్లెకు వెళ్లాక ఆడవాళ్లకు పాఠం చెప్పేది, పిల్లల్ని కూర్చోబెట్టేది ఎక్కువగా వాళ్లే. ఒంగోలు క్షేత్రం ఒక్కచోటి నుంచి చూసుకోలేనంత పెరగడంతో 1880ల్లో కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరు స్టేషన్లయ్యాయి. రామపట్నం చదువు తరువాత మరికొన్ని సంఘాల సెమినరీలతో కలిసి 1964లో రాజమండ్రిలో ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీగా మారింది. ఆ కాలేజీ ఇప్పుడు హైదరాబాదులో ఉంది.