సౌభాగ్య పథకం
ప్రతి ఇంటికీ కరెంటు ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 2017 సెప్టెంబరు 25న ప్రారంభించిన పథకం. పూర్తి పేరు ప్రధానమంత్రి సహజ్ బిజిలీ హర్ ఘర్ యోజన. అంచనా వ్యయం రూ.16,320 కోట్లు. అంతకుముందు బడి, పంచాయతీ ఆఫీసు వంటి చోట్లతోపాటు పదో వంతు ఇళ్లకు కరెంటొస్తే చాలు, ఊరంతటికీ వచ్చినట్టే లెక్క. గుమ్మం ముందే స్తంభమున్నా కనెక్షన్ ఖర్చు భరించలేక కిరోసిన్ బుడ్డి వెలిగించుకునే పేదల గోడు ఆ లెక్కకు అందేది కాదు. ఈ పథకం ఇంటినే కొలమానం చేసుకుంది. దీని అసలు గొప్పతనం అదే. స్తంభం నుంచి సర్వీసు వైరు లాగి, మీటరు బిగించి, ఒక ఎల్‌ఈడీ బల్బుకు వైరింగు చేసిచ్చారు. 2011 సామాజిక ఆర్థిక కుల గణన ప్రకారం పేదలకు ఇది ఉచితంగా అందింది; మిగతావారికి రూ.500, పది వాయిదాల్లో. లైను వేయలేని మారుమూల ఇళ్లకు సోలార్ పలక, బ్యాటరీ ఇచ్చారు. వాడిన కరెంటుకు మాత్రం బిల్లు కట్టాల్సిందే. 2022 మార్చి 31న పథకం ముగిసేనాటికి సుమారు 2.86 కోట్ల ఇళ్లకు కనెక్షన్లు అందాయి.