నల్లరేగడి పత్తికి వెలుగు పరీక్ష

ఉగాది పచ్చడిలోని ఆరు రుచులను వేరువేరుగా గుర్తించుటకు భగవంతుడు మనకు నాలుక నిచ్చినాడు. పత్తిలోని మంచిచెడ్డలను గుర్తించుటకు మన పెద్దలకు ఉండిన సాధనములు రెండే: ఒకటి కన్ను, రెండవది బొటనవ్రేలు. కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతముల తెలుగువారి బ్రతుకు ఎన్నో తరములు ఈ రెండింటి తీర్పుమీదనే ఆధారపడి యుండెను. నేడు ఆ కంటి స్థానమున వెలుగుతో చూచి లెక్క చెప్పు యంత్రములు మిల్లులలో వెలసినవి. ఈ మార్పు ఎట్లు వచ్చినది, మనవారికి ఏమి చేసినది, ఇంకను ఏమి చేయవలసి యున్నది అను విషయమును ఈ సంచిక పాఠకుల ముందుంచ దలచితిమి.

ముందుగా మనవారు ఈ సీమకు వచ్చిన సంగతి. విజయనగర సేనలు పదునాలుగవ శతాబ్దిలో మధురవరకు వచ్చినవి. పదునారవ శతాబ్దిలో విశ్వనాథ నాయకునితో మధుర నాయకుల పాలన ఆరంభమైనది. ఆ కాలములందును, ఆ తరువాతను రెడ్లు, కమ్మవారు, రాజులు, కంబళవారు మొదలగు తెలుగు కుటుంబములు అలలు అలలుగా దక్షిణమునకు దిగి వచ్చినవి. వారిలో పెక్కుమందికి దక్కినది వాననే నమ్ముకొన్న నల్లరేగడి. దీనినే తమిళమున కరిసల్ అందురు. ఎండకాలమున కాలు దూరునంతగా పగుళ్ళిచ్చి, వానకాలమున నాగలిని పట్టి వదలని ఈ నేల మనవారికి క్రొత్త కాదు. వారు విడిచి వచ్చిన సీమలలోను అట్టి నేల కలదు. నేల తెలిసినవారికి పత్తి తెలియకుండునా?

కోవిల్‌పట్టి చెంత ఇడైసేవల్ గ్రామమున తెలుగు కుటుంబమున జన్మించిన కి. రాజనారాయణన్ గారు 1976లో తమిళమున ప్రకటించిన ‘గోపల్ల గ్రామం’ నవల ఈ వలసకథయే. దాని తరువాయి కథయైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందినది. ఇంట తెలుగు, వీధిలో తమిళము. చేలో పత్తి, సంతలో బేరము. ఇదియే తరతరములుగా ఈ సీమలోని మనవారి జీవనము.

1861 మొదలు 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధమువలన ఇంగ్లండు మిల్లులకు ఆ దేశపు పత్తి అందకపోగా మన పత్తికి గిరాకి పెరిగినది. 1876 నాటికి మధురనుండి తూత్తుకుడి రేవునకు రైలుమార్గము పడినది. ఆ దారిలోనివే విరుదునగరము, సాత్తూరు, కోవిల్‌పట్టి. అప్పటికి విరుదునగరము పేరు విరుదుపట్టి. 1923లో గాని పేరు మారలేదు. ఇచటి పత్తి విదేశపు బజారులలో ‘టిన్నీస్’ అను పేరున అమ్ముడుపోయెను. తిరునల్వేలి జిల్లా పేరును దొరలు అట్లు కుదించుకొనిరి. తెలుగు భాషను మెచ్చుకొన్న మహాకవి సుబ్రహ్మణ్య భారతి తండ్రి చిన్నస్వామి అయ్యరుగారు ఎట్టయపురమున పత్తి యంత్రశాలకు పూనుకొని ఆస్తి పోగొట్టుకొన్నది కూడ ఈ కాలముననే. పత్తి కొందరికి మేడలు కట్టించినది. కొందరి ఇండ్లు కూల్చినది.

ఇక బేరము మాట. దళారి పత్తిని చేత బట్టి, ఉత్తరపు వెలుగున నిలిచి, తెలుపు చూచును. చిన్న కుచ్చును రెండు బొటనవ్రేళ్ళ నడుమ లాగి పోగు పొడవు చూచును. పిమ్మట తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టి ధర చెప్పును. ఇందు గొప్ప నేర్పు గలవారుండిరి. వారి కన్ను తప్పినది అరుదు. కాని కన్ను ఒకరిది, పత్తి మరొకరిది. చిక్కంతయు అక్కడనే యున్నది.

మా బాల్యమునందలి సంగతి యొకటి జ్ఞాపకము వచ్చుచున్నది. మా పెదనాయనగారు బండిమీద పత్తి వేసికొని సంతకు పోగా నేనును వెంట పోతిని. చేరునప్పటికి ప్రొద్దు గుంకినది. ఒక దళారి లాంతరు దగ్గరకు పత్తి తెచ్చి చూచి, “పచ్చబారినది నాయుడుగారూ, ఈ ధరకు మించి రాదు” అనెను. పెదనాయన మారు పలుకక బండిని త్రిప్పి, రాత్రి సత్రమున పడుకొని, తెల్లవారిన పిమ్మట అదే పత్తిని మరియొకరికి ఎండలో చూపెను. ఆయన నిలిచి చూచి మంచి ధరకే కొనెను. తిరుగుదారిలో పెదనాయన అన్న మాట యిది: “పత్తి మారలేదురా, దీపము మారినది.” ఆయనకు చదువు రాదు. కాని ఈ వ్యాసమున మేము చెప్పబోవు శాస్త్రమంతయు ఆ మాటలోనే యున్నది.

అయితే తప్పంతయు కొనువారిదే యని చెప్పుట న్యాయము కాదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో పులిచ్చై అను నాసిరకపు పత్తిని మంచి పత్తిలో కలిపి అమ్ముట ఈ ప్రాంతమున వ్యాపించెను. గింజ తీసినప్పుడు దానికి దూది హెచ్చు. కాని పోగు ముతక. నేసిన తరువాత గాని ఆ మోసము బయటపడదు. తెల్లనివన్నీ పాలని నమ్మిన మిల్లువారు మోసపోయిరి. దానితో నిజాయితీగల రైతు పత్తికి కూడ పేరు చెడినది. 1901లో కోవిల్‌పట్టిలో స్థాపించిన వ్యవసాయ పరిశోధన క్షేత్రమువారు కరుంగణ్ణి పత్తినుండి మేలురకములను ఏర్చి తీసిరి. వాటి పేర్లలోని ‘కె’ అను అక్షరము కోవిల్‌పట్టికి గుర్తు. 1917లో నియమింపబడిన పత్తి విచారణ సంఘము సిఫారసుపై 1921లో భారత కేంద్ర పత్తి సంఘము ఏర్పడెను. కలగలుపు మాన్పుటకు 1923లో పత్తి రవాణా చట్టము, 1925లో జిన్నింగు ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టము వచ్చినవి. 1924లో బొంబాయి మాతుంగాలో పత్తి పరీక్షకు ప్రయోగశాల తెరువబడెను. ఇన్ని చట్టములు వచ్చినను చూచుటకు ఉన్నది మాత్రము కన్నే.

ఈలోగా మనవారు మిల్లులకు యజమానులు కూడ అయిరి. కోయంబత్తూరులో జి. కుప్పుస్వామి నాయుడుగారు 1910లో లక్ష్మీ మిల్సు స్థాపించిరి. ఆ సంస్థ శాఖ కోవిల్‌పట్టిలోను వెలసినది. రాజపాళయమున పి. ఏ. సి. రామస్వామి రాజాగారు 1936లో రాజపాళయం మిల్సు నెలకొల్పిరి. అనగా పండించువాడు, కొనువాడు, వడకించువాడు, మూడు తావులందును తెలుగువాడే కనబడుచుండెను. కనుక పత్తిని ఎవరు చూచి తీర్పు చెప్పుదురను ప్రశ్న మనకు ఇంటి తగవువంటిది.

ఈ తగవు తీర్చుటకు శాస్త్రజ్ఞులు పట్టుకొన్నది వెలుగునే. 1873లో విలోబీ స్మిత్ అను ఆంగ్లేయుడు సెలీనియము అను పదార్థముపై వెలుగు పడినప్పుడు దానిలో విద్యుత్తు సులభముగా ప్రవహించునని కనుగొనెను. వెలుగును విద్యుత్తుగా కొలువ వచ్చునన్న మాట. ఈ తోవలో పుట్టిన ఫోటోసెల్లును పత్తి పరీక్షకు వినియోగించినవారిలో ముఖ్యుడు అమెరికాలోని టెనెస్సీ విశ్వవిద్యాలయపు హెర్టెల్. 1940లో ఆయన ప్రకటించిన ఫైబ్రోగ్రాఫు అను యంత్రమున పత్తిపోగులను దువ్వి గడ్డమువలె వ్రేలాడదీసి, దానిమీదుగా వెలుగు పంపుదురు. పోగులు దట్టముగా నున్నచోట వెలుగు తగ్గును. కొనకు పోవుకొలది హెచ్చును. ఆ హెచ్చుతగ్గులనుబట్టి పోగుల పొడవు తెలియును. బొటనవ్రేలి పనిని వెలుగు చేసినది.

కంటి పనికి వచ్చిన యంత్రము 1950 ప్రాంతముది. అమెరికా వ్యవసాయ శాఖలోని డోరతీ నికర్సన్ అను విదుషియు, హంటర్ అను శాస్త్రజ్ఞుడును పత్తి రంగును కొలుచు సాధనమును రూపొందించిరి. పత్తిని గాజు కిటికీకి అదిమి పెట్టుదురు. క్రిందనుండి దీపముల వెలుగు ఏటవాలుగా పడును. తిరిగి వచ్చు వెలుగును రంగు గాజుల గుండ పంపి కొలుతురు. రెండంకెలు వచ్చును: పడిన వెలుగులో ఎంత తిరిగి వచ్చినది, అందు పసుపు ఛాయ యెంత. తెలిసిన రంగుగల పింగాణి పలకలను పెట్టి యంత్రమును ముందుగా సరిచూతురు. పగలైనను రాత్రియైనను దీపము ఒకటే, పలకలు ఒకటే. మా పెదనాయనకు ఆనాడు కావలసినది ఇదియే. పొడవు, రంగు, బలము మొదలగువానిని ఒకేచోట త్వరగా కొలుచు పెద్ద యంత్రములు పిమ్మట వచ్చినవి. అమెరికాలో 1991నుండి పండిన మధ్యరకపు పత్తినంతయు ఇట్లే పరీక్షించుచున్నారు. 2000నుండి రంగు విషయమున యంత్రపు తీర్పే అధికార నిర్ణయమైనది.

ఇది నమూనా పరీక్ష. నేటి మిల్లులలో వెలుగు పరీక్ష పని నడుచుచుండగనే జరుగుచున్నది. విచ్చిన దూది గొట్టములో ఎగిరిపోవుచుండగా కెమెరాలు దానిని చూచును. వెంట్రుక, జనపనార, రంగుదారము కనబడిన మరుక్షణము గాలిదెబ్బతో ఆ ముక్కను బయటికి త్రోయును. అన్నింటికంటె కష్టమైనది తెల్లని ప్లాస్టిక్ గోనెపోగు. అది దూదిలో కలిసి కనబడదు. కాని రంగు పట్టదు గనుక, అద్దకము తరువాత గుడ్డపై మచ్చగా తేలును. దానిని పట్టుటకు అతినీలలోహిత కిరణములను, ధ్రువిత కాంతిని వాడుదురు. నూలు చుట్టునప్పుడు సయితము కొన్ని యంత్రములలో దారము వెలుగు కన్నుముందుగా పరుగెత్తును. లావుముడి వచ్చినచో తెగగొట్టి అతుకును.

విరుదునగరపు వర్తకులకు ఈ విద్య మరియొక రూపమున పరిచితమే. 1930 దశకమున అమెరికాలో చిక్కుడుగింజలను రంగునుబట్టి వేరుచేయుటకు పుట్టిన యంత్రపు సంతతియే నేటి పప్పుమిల్లులలోని రంగు జల్లెడ. జారిపడు గింజను గాలిలోనే చూచి, నల్లదానిని ఊదివేయును. చేటలతో ఏరిన ఆడువారి పని ఇట్లు యంత్రము పాలైనది. మేలు చెప్పునప్పుడు ఈ నష్టమును మరువరాదు.

వెలుగు రంగునే కాదు, పదార్థపు గుట్టును కూడ చెప్పును. 1928లో సి. వి. రామన్ గారు, వస్తువుపై పడి చెదరిన వెలుగులో కొంత రంగు మారి వచ్చునని, ఆ మార్పు ఆ వస్తువునకే ప్రత్యేకమైన గుర్తని కనుగొనిరి. రామన్ గారు బాల్యమున చదివినది విశాఖపట్టణమున. ఆ పరిశోధనలో ఆయనవద్ద పనిచేసి, తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులైన సూరి భగవంతం గారు కృష్ణా జిల్లావారు. నేడు ఔషధముల తయారీలో ఈ పద్ధతిని వాడుచున్నారు. కంటికి కనబడని సమీప పరారుణ కిరణములతో ధాన్యములోని తేమను, మాంసకృత్తులను కొలుచు మార్గమును 1960 దశకమున అమెరికాలో కార్ల్ నారిస్ వృద్ధిచేసెను. దూదిలోని తేమను సయితము ఇట్లు తెలిసికొనవచ్చును. తేమ కలిపి తూకము పెంచువారికిది సుఖమైన వార్త కాదు.

ఇంతవరకు చెప్పినది యంత్రపు గొప్ప. ఇక మా మనసులోని మాట. ఈ వెలుగు కన్నులు చాల భాగము మిల్లు గోడలలోపలనే యున్నవి. రైతు అమ్మునది గోడ వెలుపల. కొనువానికి అంకెలు తెలియును. అమ్మువానికి నేటికిని దళారి కన్నే దిక్కు. 2000లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పత్తి సాంకేతిక ఉద్యమము సంతలను, జిన్నింగు మిల్లులను బాగుచేయుటకు పూనుకొన్నది. ఆ మేలు ప్రతి రైతు బండివరకు వచ్చిననాడే సంపూర్ణమగును. కోవిల్‌పట్టి పొలములలో పత్తి తగ్గి మొక్కజొన్న హెచ్చుటకు వాన, కూలి, పురుగు మొదలగు కారణములు పెక్కు గలవు. కాని మేలురకము పండించినవానికి మేలుధర వచ్చునను నమ్మకము సడలుట కూడ అందొకటి యని మా అభిప్రాయము.

కనుక మన సంఘమునకు రెండు విన్నపములు. మనలో ఇంజనీర్లు, మిల్లు అధికారులు కొల్లలుగా నున్నారు. సంతలో నిలిపి, రైతు కళ్ళయెదుట అంకె చూపి, చీటి వ్రాసి యిచ్చు పరీక్షా సాధనములను తెప్పించుటకు వారు పూనుకొనవలెను. రెండవది, మన రైతులు పత్తిని ప్లాస్టిక్ సంచులలో గాక గుడ్డసంచులలో ఏరి దాచవలెను. యంత్రము చేయు తీర్పునకు మనవైపు శుద్ధియు నుండవలెను గదా. పులిచ్చై కలిపిన పాపమును మరల మనము మోయరాదు.

వెనుకటివారు కన్నును నమ్మిరి. నేటివారు యంత్రమును నమ్ముచున్నారు. రెండింటికిని కావలసినది ఇరువురు కలిసి చూడగల ఒక్క దీపము. ఈ నూతన సంవత్సరమున ఆ దీపము నల్లరేగడి సంతలందు వెలుగవలెనని కోరుచు, పాఠకులందరికి ఉగాది శుభాకాంక్షలు తెలుపుచున్నాము.