పెంబర్తి సుత్తి సప్పుడు

సలి ముదిరింది, మంట దగ్గరికి జరుగుండ్రి. ఇయ్యాల పెంబర్తి ముచ్చట జెప్త.

నేను మీ అంత ఉన్నప్పుడు మా ఊరి గుడి ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు ఎయ్యాలనుకున్నరు. గా పని ఎవలు జేస్తరంటే అందరి నోట ఒక్క ఊరి పేరే. మా బాపు నన్ను ఎంటవెట్టుకొని మానుకోటల పాసింజర్ ఎక్కిండు. కాజీపేటల బండి మారి, జనగామల దిగి నడిసినం. ఊరు కండ్లవడక ముందే సుత్తుల సప్పుడు ఇనవడ్డది.

ఆడ విశ్వకర్మలు సహకార సంఘం పెట్టుకున్నరు. బాపు పెద్దాయనతోటి బేరం మాట్లాడుతుంటే నేను ఒక ముసలాయన పక్కపొంటి కూసున్న. ఇత్తడి రేకును కాల్చి మెత్తగ జేసిండు. ఇటుకపొడి కలిపిన లక్కను పలక మీద పరిసి, గది వేడిగున్నప్పుడే రేకును అతికించిండు. సన్న ఉలి ఆనిచ్చి సుత్తితోటి తట్టుడు మొదలువెట్టిండు. గంట జూసినా నాకు గుంటలే తప్ప బొమ్మ కానరాలె. తర్వాత లక్కను కరిగించి రేకు ఊడదీసి ఇవతలికి తిప్పిండు. సింహం మొకం! జూలు, కోరలు, గుడ్లు బయటికి ఉబ్బి ఉన్నయి. ఎనుక నుంచి కొట్టి ముంగట బొమ్మను లేపుడు, గదే వాళ్ల ఇద్దె. ముంగటి దిక్కు మల్ల సన్న ఉలితోటి గీతలు దిద్ది, చింతపండుతోటి తోమితే బంగారం లెక్క మెరిసింది.

కాకతీయుల కాలం నుంచి వస్తున్న పని అంటరు. భూపాలపల్లి దిక్కు ఘనపురం కోటగుళ్లు జూసిండ్రు గద, రామప్ప గుడి సుత జూసిండ్రు, రెండూ గా కాలంవే. 1213ల కట్టిన రామప్పకు 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది, మస్తు సంబురపడ్డ. గా రాతిపని నిలిచింది, రాయి గనుక. ఇత్తడి అట్ల కాదు. కొత్త తొడుగు ఏసినప్పుడల్లా పాతది కరిగిపోతది. నా లెక్కల ఈ పనిని నిలవెట్టింది వస్తువు కాదు, కొడుక్కు నేర్పిన తండ్రి.

స్టీలు గిన్నెలు వచ్చినంక ఇండ్లల్ల ఇత్తడి పోయింది, కొందరు హైదరాబాద్ బాట వట్టిండ్రు. గుడి తలుపులు, మకరతోరణాలు, దేవుని వాహనాలు, ఆఫీసుల్ల ఇచ్చే జ్ఞాపికలు, గివే మిగిలిన వాళ్లకు తిండి పెట్టినయి. 2023ల కేంద్రం పెంబర్తిని ఉత్తమ పర్యాటక గ్రామాల్ల ఒకటిగ ఎంచింది. జనం వస్తున్నరు, మంచిదే. కానీ కారు ఆపి, బొమ్మ కొని, ఫొటో దిగి పోతే ఏం లాభం? ఒక పూట ఉండి పని జూడాలె. పిలగాండ్లు ఉలి వట్టాలంటే, చేసే పనికి కూలి గిట్టాలె. గా బాధ్యత కొనేటోళ్ల మీద సుత ఉన్నది.

సెలవులకు మిమ్ముల తోలుకపోత. ఆడ బొమ్మను చేతికిస్తే ముందు ఎనుకకు తిప్పి జూడుండ్రి. బరువుగ, నిండుగ ఉంటే గది పోతపోసింది. బోలుగుండి, ముంగట ఎంత ఉబ్బు ఉంటే ఎనుక గంత గుంట కనవడ్డదా, చెయ్యితోటి కొట్టిన పని. ధర ఎక్కువ జెప్పినా బేరమాడకుండ్రి.