పాపికొండల నౌకాయాత్ర: మఱుఁగగుచున్న రేవులు

రాజమహేంద్రవరమునకు ఎగువను, గోదావరి కొండలనడుమ ఇఱుకై ప్రవహించు పాపికొండల చోటికి నేఁడు జనులు విహారార్థము పోవుచున్నారు. ఉదయమున లాంచీ నెక్కి, కొండలఁ జూచి, పేరంటపల్లి శివాలయమున దర్శనము చేసికొని, సాయంకాలమునకు మరలుదురు. ఇది క్రొత్తవేడుక యని పలువురు తలంతురు. కాని మార్గము పాతదే, మాఱినది ప్రయాణప్రయోజనము. ఆ మార్పెట్లు కలిగెనో, దానివలన మనము దేనిఁ గోలుపోవుచున్నామో విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

తొల్లి యీ సీమలో నీరే బాట. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట పొలములకు నీరిచ్చుటయేకాక కాలువలగుండఁ బడవలకును దారి కల్పించెను. ఆర్థరు కాటను అంతటితోఁ దృప్తి నొందక, ఎగువ గోదావరిని పొగయోడలకు యోగ్యముగాఁ జేసి, నాగపురము, బిరారు ప్రాంతముల ప్రత్తిని సముద్రతీరమునకుఁ జేర్పవలెనని సంకల్పించెను. అందులకై భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెమునొద్ద ఆనకట్టయు లాకులును నిర్మితము లయ్యెను. వ్యయ మధికమై ఫలము కొఱవడుటచే 1871లో నాపని విడువఁబడెను. ఇనుపదారి వచ్చిన పిదప సరకులు దాని వెంటఁ బోయెను. 1900లో రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ హేవలాకు వంతెన తెఱవఁబడఁగా, నది దాఁటుటకును పడవతోఁ బని తగ్గెను. అయినను కొండలనడుమ ఒడ్డువెంబడి సరియగు బాట లేమిచేఁ, బోలవరమునకు ఎగువనున్న గూడెములకుఁ బడవయే చిరకాలము దిక్కయ్యెను.

ఆదారినే డెల్టాగ్రామములవారు శ్రీరామనవమికి భద్రాచలము పోయెడివారు. 1973లో బాపు దర్శకత్వమున వెలువడిన ‘అందాలరాముఁడు’ అను చలనచిత్రము ఇట్టి లాంచీప్రయాణమునే కథకు నెలవుగాఁ గైకొనినది. 2006లో శేఖరు కమ్ముల తీసిన ‘గోదావరి’యు నట్టిదే. యాత్రలో వృద్ధుల కోరిక ముందు. పిల్లలు వారిని వెన్నంటిరి. విహారమున దంపతుల కోరిక ముందు. వృద్ధులు వారిని వెన్నంటుచున్నారు. చూడఁ జిన్నమార్పే యైనను, చరిత్రకారునకు దీనియందుఁ బెద్దభేదము కలదు.

ఈభేదము నాకు స్వానుభవమునఁ దెలియవచ్చినది. నేనును నాభార్యయు, ఎనుబదియేండ్లు దాఁటిన మాతల్లిని వెంటఁగొని యీ విహారమునకుఁ బోయితిమి. ఆమె బాల్యమునఁ దండ్రితోఁ గూడ నీదారిని భద్రాచలము పోయినది. పోలవరమునొద్ద నదికడ్డముగాఁ గట్టలు లేచుటచేఁ బాతదారి తెగినది. 2021 జూనులో ప్రవాహము పోలవరపు జలద్వారములగుండ మరలింపఁబడెను. కావున ఎగువనున్న గండిపోచమ్మ గుడియొద్దనే లాంచీ నెక్కవలసి యున్నది. నాభార్య యొకచేతను, నే నొకచేతను బట్టుకొని యామె నెక్కించితిమి. కూర్చుండినతోడనే మాతల్లి యడిగిన మొదటిమాట: “పట్టిసము రేవు ఏదిరా నాయనా?”

లాంచీలో నొకఁడు కొండల సొగసును బిగ్గఱగా వర్ణించుచుండెను. స్త్రీల పాపటివలె నది కొండలను రెండుగాఁ జీల్చుటచే ‘పాపిడికొండలు’ అను పేరు గలిగి, అది ‘పాపికొండ’ లయ్యెనని జనులు చెప్పుకొనుమాటయు వినిపించెను. మాతల్లి మాత్రము కొండలఁ జూడక ఒడ్డునే చూచుచు, దేవీపట్నము, మంటూరు, కొండమొదలు అని తావులఁ బేర్కొనుచు, ఎచ్చటఁ బడవ యాఁగెడిదో, ఎచ్చట వంట చేసికొనిరో చెప్పుచు వచ్చెను. నాభార్య యాపేర్లను చిన్నపుస్తకమున వ్రాసికొనెను. ఆవర్ణనకునికి నదియొక చిత్తరువు. మాతల్లికి నది యూళ్లవరుస.

కచ్చులూరునొద్ద నందఱును మౌనము వహించిరి. 2019 సెప్టెంబరు 15న వెల్లువలో నచ్చట నొక విహారనౌక మునిఁగెను. అందున్న 77 మందిలో 26 మంది మాత్రమే ప్రాణములతో బయటపడిరి. కాకినాడవాఁడగు ధర్మాడి సత్యము తన బృందముతో శ్రమించి, అక్టోబరు 22న ఆ నౌకను వెలికిఁ దీసెను. పూర్వము ప్రమాదములు లేవని నాతాత్పర్యము గాదు. కాని నదిని మార్గముగా నెఱిఁగినవానికి ఎప్పుడు దిగరాదో తెలియును. దానిని దృశ్యముగా మాత్రమే యెఱిఁగినవాఁడు ఆయెఱుకను సరంగునకే విడిచిపెట్టును. తోడనున్న వృద్ధులకును శిశువులకును ఈదుశక్తియు నుండదు. కావున రక్షణకవచమును దొడిగించుట, వెల్లువనాళ్లఁ బ్రయాణమును మానుట సంతానమునకు ధర్మము.

ఇంకొక నష్టము నెమ్మదిగా వచ్చుచున్నది. పోలవరపు జలాశయము 150 అడుగుల, అనఁగా 45.72 మీటర్ల, పూర్ణమట్టమునకు నిండునాఁటికి ఒడ్డునున్న పెక్కుగ్రామములు నీట మునుఁగును. జనులు క్రొత్తకాపురములకుఁ దరలింపఁబడుచున్నారు. ఊరు కదలినను పేరు వెంటఁబోవచ్చును. కాని రేవు, లంక, రాయి, సుడి యనువాని పేళ్లు తమ తావును విడిచి బ్రదుకఁజాలవు. శాసనములయందు లేని యీపేళ్లకు వృద్ధుల నాలుకయే తాళపత్రము.

కావున పండితులకును ఉపాధ్యాయులకును నావిన్నప మొక్కటి. ఈదారిఁ బోవునపుడు ఇంటిలోని పెద్దవారిని గూడఁ దీసికొనిపొండు. ప్రక్కఁ గూర్చుండి, వారు చెప్పిన పేరును, దానికి వారు చెప్పుకారణమును, చోటి గుర్తును వ్రాసికొనుఁడు. మరలివచ్చినరాత్రి మాతల్లి నాభార్య వ్రాసినదానిని చదివించుకొని, రెండుపేళ్లు తప్పుగాఁ బడెనని దిద్దించెను. మూఁడవదొకటి జ్ఞప్తికి రాలేదు. దానికై విడిచిన ఖాళీ యాపుస్తకమున నట్లే యున్నది.